అరవై ఒకటో వరస

మార్యున్ ముందు నన్ను పిలవలేదు.
కాగితం మీద గడి గడికీ వేలు పెట్టి లెక్కపెట్టింది,
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది,
ఆ తర్వాతే "యాల్‌గ్రిమ్, ఇలా రా" అంది.

అరవై ఒకటో వరసలో
నల్ల గొర్రె రంగు ఉండాల్సిన చోట
ఒక్క తెల్ల గడి.
నక్షత్రానికి ఎనిమిది కొసలు.
ఈ నక్షత్రానికి ఏడున్నర.

"నువ్వే ఎక్కడో లెక్క తప్పుంటావు" అన్నాను.
డెబ్బై తొమ్మిదేళ్ల మనిషితో
ఆ మాట అనడం ఎంత తేలికో!
"నేను గీసినప్పుడు అది నల్లదే" అంది.
కిటికీ అవతల క్లాక్స్‌విక్ రేవును పొగమంచు మింగేసింది.
"గీసినప్పుడు" అంది ఇంకోసారి, తనలో తాను.

పోయిన వారం ఆ డబ్బా విప్పింది నేనే.
ఉన్న రెండు మెమరీ స్టిక్కుల పక్కన
ఇంకో రెండు కొత్తవి.
అదే కంపెనీ, అట్ట మీద అదే అంకె: ముప్పై ఆరు వందలు.
గొళ్లేలు టక్కుమని పడ్డాయి.
"ఇక చూడు దీని పరుగు" అన్నాను.
పరిగెత్తింది కూడా.
మధ్యలో రెండుసార్లు నీలం తెర వేసుకుని పడిపోయింది.
కొండ మీద గాలికి తీగలు ఊగి ఉంటాయి అనుకున్నాం.
ఈ దీవుల్లో ఏ తప్పు జరిగినా
గాలి మీదకే తోసేస్తాం.

ఆ రాత్రి దాన్ని పరీక్షకు కూర్చోబెట్టాను.
రాయించడం, చదివించడం,
రాసిందే చదివావా అని నిలదీయడం,
ఎక్కాలు అప్పజెప్పించుకునే పంతులమ్మ పట్టుదల.
మొదటి విడత సున్నా తప్పులు.
రెండో విడత సున్నా.
సోఫాలో కునుకు పట్టింది.
నాలుగింటికి లేచి చూస్తే
తెర నడుమ ఒకే ఒక్క ఎర్ర గీత.
ఇచ్చింది సున్నా, తిరిగొచ్చింది ఒకటి.
వేల కోట్ల గడుల్లో ఒక్క గడి.
నల్లదాన్ని తెల్లదని చెప్పింది యంత్రం,
తడబడకుండా, నిబ్బరంగా,
అచ్చం నేను చెప్పినట్టే.

తర్వాత రెండు రోజులూ
ఒక్కో స్టిక్కునీ విడిగా పిలిచి అడిగాను.
మొదటిది ఒక్క మాట పొల్లు పోనివ్వలేదు. రెండోదీ అంతే.
కొత్తవాటి మీద అనుమానంతో
వాటిని ఇంకాస్త ఎక్కువసేపు అడిగాను.
స్లాటు మార్చి అడిగాను,
బంగారు పళ్లు రబ్బరుతో రుద్ది అడిగాను.
నలుగురూ నిజాయితీపరులే.
నలుగుర్నీ కలిపి, అట్ట మీది అంకెకు పరిగెత్తమంటేనే
తెల్లారేలోపు ఎవరో ఒకరు మాట మారుస్తున్నారు.

చివరికి వేగం తగ్గించాను.
ఇరవై తొమ్మిది వందల ముప్పై మూడు.
చిన్నతనంగానే ఉంది,
డబ్బు పోసి కొన్న పరుగుకు
నా చేత్తోనే కళ్లెం వేయడం.
రాత్రంతా నడిచింది,
మర్నాడు పడవ వచ్చి వెళ్లేదాకా నడిచింది.
సున్నా. సున్నా. సున్నా.

మార్యున్‌కి ఎలా చెప్పాలో తెలియక
ఎర్ర గీత ఫొటో చూపించాను.
ఫైలు తెరిచి దాచిన ఏదో ఒక క్షణంలో, అని మొదలుపెట్టాను.
ఆమె ఫొటో వైపు చూడలేదు.
"ఇప్పుడు నడుస్తోందా?"
"కాస్త నిదానంగా."
"నాకేం తొందర" అంది.

స్వెట్టరు అప్పటికే డెబ్బై నాలుగో వరసలో ఉంది.
పద్నాలుగు వరసలు విప్పాలి.
నన్ను పీట మీద కూర్చోబెట్టి
రెండు చేతులూ చాపమంది.
విప్పిన నూలు వంకర్లు పోతూ వచ్చి
నా మణికట్లకు చుట్టుకుంటోంది,
తడి గొర్రె వాసన.
ముక్కు దురద పెట్టినా గోక్కునే దారి లేదు.
డెబ్బై మూడు, డెబ్బై రెండు,
పైకే లెక్కపెడుతోంది.
ఉన్నట్టుండి ఆగింది.
"ఇప్పుడు ఎంత అన్నాను?"
"అరవై ఎనిమిది" అన్నాను, నిబ్బరంగా.
"అరవై తొమ్మిది. చేతులు దించకు."